తొలిచూపు టోపీ

ఆ ఆదివారం ఉదయం ఏడు గంటలకు విశాఖపట్నం బీచ్ రోడ్డు మెట్ల మీద పదిహేను మంది గొంతులు చించుకుంటున్నారు. తగువు స్థలం గురించి కాదు, రాజకీయం గురించీ కాదు. వైతరణి అనే మనిషి చచ్చిపోయిందా, బతికుందా అని. వైతరణి ఈ లోకంలో ఎప్పుడూ లేదు. ఆమె ఒక సినిమాలో పాత్ర.

డాక్టర్ ఇందుమతి కాస్త ఎడంగా నిలబడి, చేతిలో మరమరాల మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని వింటోంది. ఆమె మెదడు మీద పరిశోధన చేసే మనిషి. ఋషికొండ దారిలో ఒక ప్రయోగశాలలో పదేళ్లుగా పనిచేస్తోంది. ఇలాంటి వీరాభిమానులు ఎక్కడ దొరుకుతారా అని వాకబు చేసుకుంటూ ఇక్కడి దాకా వచ్చింది. ఆ సినిమా మాత్రం ఆమె చూడలేదు.

సినిమా పేరు 'తొమ్మిదో చంద్రుడు'. ఆరేళ్ల క్రితం వచ్చింది. ఎనిమిది మంది చంద్రులున్న ఒక గ్రహం. ఆ గ్రహం మనుషులు తామే కట్టి ఆకాశంలో నిలబెట్టుకున్న తొమ్మిదో చంద్రుడు. దాని కడుపులో నాలుగు లక్షల కాపురాలు. ఆ చంద్రుడు కక్ష్య తప్పి సూర్యుడి వైపు జారిపోతుంటే, సరుకు ఓడలు నడిపే వైతరణి బయటివైపు నుంచి మహాద్వారాన్ని తెరిచి పట్టుకుంటుంది. ఆఖరి ఓడ దాటేదాకా పట్టుకుని, ఆ తలుపుతో పాటే కాలిపోతుంది. అక్కడితో మొదటి భాగం అయిపోయింది. ఇప్పుడు రెండో భాగం రాబోతోంది. ముందురోజే వదిలిన ట్రైలర్లో బూడిదలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. తగువంతా ఆ చెయ్యి గురించే.

"చచ్చిన మనిషి చచ్చినట్టుండాలి!" అన్నాడు బొడ్డేపల్లి ముక్తేశ్వరరావు. ముప్పై నాలుగేళ్లు పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అరవై దాటినా ఆ గొంతు రేవు ఇవతల నుంచి అవతలికి వినిపిస్తుంది. "నాలుగు లక్షల మంది కోసం ప్రాణం పణంగా పెట్టిందా మనిషి. ఆ ప్రాణం మళ్లీ తెచ్చి చేతిలో పెట్టేస్తే ఆవిడ ఇచ్చిందేటి? మనం ఏడ్చిన ఏడుపేటి?"

"తిరిగొచ్చిందని ఎవరన్నారు అంకుల్?" అంది నస్రీన్. ఇరవై ఆరేళ్ల పిల్ల, ఫిజియోథెరపిస్టు. ఆ గుంపులో ముక్తేశ్వరరావుకి ఎదురు నిలబడేది ఆమె ఒక్కతే. "లేచింది చెయ్యి. ఆ చేతి వెనక వైతరణి ఎంత మిగిలుందో మనకేం తెలుసు? తిరిగి రావడానికి ఆవిడ ఏం పోగొట్టుకుందో చూపిస్తే, అది చావుకన్నా పెద్ద పణం."

"మాటలకేటమ్మా! రేపు మూడో భాగంలో మళ్లీ చస్తే నీకు ఏడుపొస్తాదా?"

"రాకపోతే అది కథ రాసినాయన తప్పు. తిరిగి రావడంలో తప్పు లేదు."

అందరూ నవ్వారు. ముక్తేశ్వరరావు నవ్వలేదు. సముద్రం వైపు తిరిగిపోయాడు. ఇందుమతి దాన్ని కోపమనుకుంది. మిక్చర్ పొట్లం మడిచి సంచిలో పెట్టుకుని, వాళ్ల దగ్గరికి వెళ్లి తన పేరు చెప్పుకుంది.

మూడేళ్ల క్రితం సముద్రంలో ఒక చేపల బోటు తగలబడింది. అందులోంచి పన్నెండు మంది బయటపడ్డారు. ఒళ్లు మానింది గానీ, వాళ్లలో ఒక్కరికి కూడా ఇప్పటికీ డీజిల్ ఇంజను చప్పుడు వింటే నిలబడే శక్తి లేదు. వాళ్ల కోసం ఇందుమతి ఒక శిరస్త్రాణం తయారుచేసింది. మనిషి ఒక సంగతిని తలచుకున్నప్పుడు ఆ జ్ఞాపకం కొన్ని నిమిషాలపాటు తడిమట్టిలా మెత్తబడుతుంది. తలచుకోవడం అయ్యాక మళ్లీ గట్టిపడుతుంది. శిరస్త్రాణం పని ఆ గట్టిపడటాన్ని ఆపడమే. తలచుకున్నది తలచుకున్నట్టే కరిగిపోతుంది.

మంటల్లో పడ్డవాళ్ల మీద ప్రయోగించే ముందు, ఎవరికీ హాని లేని జ్ఞాపకం మీద పరీక్షించి చూడాలి. అది అంచులు తెలిసినదై ఉండాలి, ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ప్రశ్నలడిగి తేల్చుకోగలగాలి. సినిమాకన్నా అనువైనది ఏముంది? ఎవరు చూసినా అదే సినిమా. పోతే మళ్లీ చూసుకోవచ్చు.

"అంటే," అన్నాడు బ్యాంకులో పనిచేసే గోవర్ధన్, కళ్లు ఇంతింత చేసుకుని, "ఆ టోపీ పెట్టుకుంటే తొమ్మిదో చంద్రుణ్ణి మళ్లీ మొదటిసారి చూడొచ్చా?"

"చూడొచ్చు."

మెట్ల మీది వాళ్లంతా ఇందుమతి చుట్టూ మూగారు. ఆరేళ్లుగా ప్రతి దృశ్యం, ప్రతి మాట కంఠతా పట్టినవాళ్లు వాళ్లు. తరువాత ఏం వస్తుందో తెలియకుండా ఆ చీకటి హాల్లో కూచున్న మొదటి రోజు మళ్లీ దొరుకుతుందని ఎవరైనా అంటారని వాళ్లు కలలో కూడా అనుకోలేదు. ఎనిమిది మంది అక్కడికక్కడే పేర్లు ఇచ్చారు. దానికి తొలిచూపు టోపీ అని పేరు పెట్టింది కూడా వాళ్లే.

నస్రీన్ మాత్రం ఇవ్వలేదు. "నా మొదటిసారి నాకుంది మేడమ్. అది చాలు," అంది.

ముక్తేశ్వరరావు అందరికన్నా ముందు సంతకం పెట్టాడు.

గోవర్ధన్ వంతు మొదట వచ్చింది. తొమ్మిది రోజులు రోజుకో గంట టోపీ పెట్టుకుని సినిమా కథంతా దృశ్యం వెంట దృశ్యం చెప్పాడు. పదో రోజు అడిగితే వైతరణి ఎవరో తెలియదు. సినిమా పేరు తెలుసు, తను దానికి అభిమానినని తెలుసు, బీచ్ మెట్ల మీది స్నేహితులు తెలుసు. కథ మాత్రం ఆనవాలు లేదు. ప్రయోగశాలలోని చిన్న థియేటర్లో సినిమా వేసి చూపించారు. బయటికి వచ్చి ఇందుమతి చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. "మేడమ్, మీరు నాకు ఏమిచ్చారో మీకు తెలీదు!"

ఆరేళ్ల కింద ఆ సినిమాకి ఎవరితో వెళ్లావని అడిగితే మాత్రం చెప్పలేకపోయాడు. వాళ్ల పెద్దనాన్న కొడుకుతో వెళ్లాడని ముందు రాసిన కాగితాల్లో ఉంది. ఇందుమతి ఆ గడిలో 'స్వల్పం' అని రాసి పక్కన పెట్టింది. తరువాతి ఇద్దరి కాగితాల్లోనూ అదే మాట రాసింది.

నాలుగో మనిషి ముక్తేశ్వరరావు.

ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చేవాడు. కుర్చీలో నిటారుగా కూచుని, కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆయన చెబుతుంటే ఇందుమతికి తను చూడని ఆ చంద్రుడు కళ్లకు కట్టేవాడు. ఇనుప ఆకాశం కింద పిల్లలు గాలిపటాలు ఎగరెయ్యడం, ఓడలు రేవు వదిలేటప్పుడు వాటి గంటలు వరసగా మోగడం. ఏ రోజు చెప్పింది ఆ రోజే ఆయన దగ్గర లేకుండా పోయేది. నిన్నటి భాగంలో ఏముందని అడిగితే, "ఏటో మరి, చెప్పినట్టే ఉంది గానీ ఏటి చెప్పానో తెలీదు" అని నవ్వేవాడు. ఇలా ఒక మనిషి ఒక ఆకాశాన్నంతా ముక్క ముక్కగా తెచ్చి తన ముందు పెట్టి, ఉత్త చేతులతో వెళ్లిపోతుంటే ఆమెకి ఒళ్లు గగుర్పొడిచేది.

ఐదో రోజున కథ ఇంటర్వెల్ దగ్గరికి వచ్చింది. అక్కడ ఆయన ఆగిపోయాడు. నాలుగు నిమిషాలు పెదవి కదల్చలేదు. టోపీ పనిచేస్తూనే ఉంది. ఎదుటి తెర మీద ఆయన మెదడు పటం, అంతకు ముందు ఎవరిదీ వెలగనంతగా వెలిగింది. యంత్రం బాగా పనిచేస్తోందని ఇందుమతి సంతోషించింది. పెద్దాయన అలిసిపోయాడనుకుని మంచినీళ్లు తెప్పించింది.

పదిహేను రోజుల తరువాత ఒక మధ్యాహ్నం ఆయన కోసం సినిమా వేశారు. హాల్లో ఇద్దరే. ముక్తేశ్వరరావు మధ్యలో, ఆయనకి కుడివైపు ఇందుమతి. ఆమె తెర చూడదలుచుకోలేదు. ఆయన మొహం చూడదలుచుకుంది.

దీపాలు ఆరాయి. తెర మీద నల్లటి సముద్రం. ఒకటి, రెండు, మూడు... చంద్రులు నీళ్లలోంచి ఒకరి వెనక ఒకరు లేస్తున్నారు. ఎనిమిదో చంద్రుడు లేచాక అంతా ఆగిపోయింది. అప్పుడు ఆకాశం సగం కప్పేస్తూ తొమ్మిదో వాడు, ఒళ్లంతా దీపాలతో, లక్ష కిటికీలతో పైకి వచ్చాడు.

"ఓర్నాయనో!" అన్నాడు ముక్తేశ్వరరావు.

ఆయన కళ్లద్దాల్లో తొమ్మిది మంది చంద్రులూ కనబడుతున్నారు. నోరు తెరుచుకుంది. రెండు చేతులూ ముందు కుర్చీ వీపు పట్టుకున్నాయి. అరవై రెండేళ్ల ఆ మొహం మీదికి ఎక్కడినుంచో ఆరేళ్ల పిల్లాడు వచ్చి కూచున్నాడు. ఇందుమతి చాలా పరిశోధనలు చూసింది, చాలా ఫలితాలు చూసింది. ఒక మనిషి అబ్బురపడటాన్ని ఇంత దగ్గరనుంచి, ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. పదకొండుసార్లు చూసిన సినిమా అది ఆయనకి. ఓడ కుదిపితే కుర్చీలో ఒరిగిపోయాడు. వైతరణి మొదటిసారి నవ్వితే తనూ నవ్వాడు. మనిషికి ఇంత ఆనందం మళ్లీ ఇవ్వగలిగానా అనుకుంది.

ఇంటర్వెల్ పడింది. దీపాలు వెలిగాయి.

ముక్తేశ్వరరావు గబుక్కున ఎడంపక్కకి తిరిగాడు, ఏదో చెప్పబోతూ. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఇక్కడెవరో ఉండాలి కదండీ?" అని అడిగాడు.

"లేరండీ. మనిద్దరమే."

"అవున్లెండి," అన్నాడు. కానీ రెండో సగం మొదలయ్యేదాకా ఆ కుర్చీ వైపే చూస్తూ ఉన్నాడు.

రెండో సగంలో వైతరణి తలుపు పట్టుకున్న చోట ఆయన చొక్కా అంచుతో కళ్లు ఒత్తుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. సినిమా అయ్యాక కూడా లేవలేదు. జేబులోంచి ఫోన్ తీసి, అనకాపల్లిలో టీచరుగా పనిచేసే కూతురు వసుధకి కలిపాడు. ఆనందంలో గొంతు తగ్గించుకోవడం మరిచిపోయాడు.

"అమ్మా వసుధా! చూశానమ్మా, మొత్తం చూశాను. ఏం సినిమా అనుకున్నావు! ఒళ్లు జలదరించిపోయిందనుకో. ఒక్కటే వెలితి. మీ అమ్మ కూడా చూసుంటే ఎంత బాగుండేదో!"

అవతలి నుంచి ఏ మాటా రాలేదు. "హలో, హలో" అంటున్నాడు ముక్తేశ్వరరావు. పక్కనున్న ఇందుమతి ఆయన ఎడంపక్కన ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

వసుధ మర్నాడు పొద్దున్నే బస్సు దిగి తిన్నగా ప్రయోగశాలకి వచ్చింది. తండ్రిని వెంటబెట్టుకునే వచ్చింది. కూచోమన్నా కూచోలేదు.

"ఆ సినిమా మొదటి రోజు సాయంత్రం ఆట మా అమ్మా నాన్నా కలిసి చూశారు మేడమ్. అమ్మకి కాన్సరని ఆ రోజు పొద్దునే తెలిసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంటర్వెల్లో నాన్నకి చెప్పింది. ఏడాది తిరక్కుండా పోయింది. ఆ తరువాత నాన్న ఆ సినిమా ఎన్నిసార్లు పెట్టుకున్నా ఇంటర్వెల్ దాటేవారు కాదు. లేచి వెళ్లిపోయేవారు. మీరు ఆయనకి ఏం చేశారు?"

ఇందుమతి ఫైలు తెరిచింది. 'ఈ సినిమాతో ముడిపడ్డ ముఖ్యమైన సొంత జ్ఞాపకాలు ఉన్నాయా?' అనే ప్రశ్న కింద, గుండ్రటి అక్షరాలతో 'లేవు' అని ఉంది. ముక్తేశ్వరరావు ఆ కాగితం తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"రాత నాదే," అన్నాడు. "ఎందుకలా రాశానో నాకు తెలీదు."

"నాకు తెలుసు నాన్నా," అంది వసుధ. అప్పటికి ఆమె కోపం సగానికి సగం దిగిపోయింది. "ఉన్నాయని రాస్తే వద్దంటారని. రెండో భాగం వచ్చేలోపు మొదటిది మళ్లీ ఒక్కసారైనా ఆఖరిదాకా చూడాలని. సినిమా పోతుంది, అమ్మ మిగుల్తుంది అనుకుని ఉంటారు."

ఆయన తలూపాడు, ఇంకెవరి గురించో చెబుతుంటే విన్నట్టు. "మీ అమ్మ సత్య జబ్బు సంగతి నాకు డాక్టరు గదిలో తెలిసిందనే ఉంది నా బుర్రలో," అన్నాడు మెల్లగా. "హాల్లో అన్నమాట."

ఇందుమతి ఐదో రోజు రికార్డింగు తీసి చూసుకుంది. ఆ నాలుగు నిమిషాలు. నోటితో చెబుతున్నది సినిమా. ఇంటర్వెల్ దగ్గర నోరాగింది, తలపు ఆగలేదు. చెప్పలేనిదేదో ఆయన తనలో తనే నిండా తలచుకున్నాడు. తలచుకున్నది తలచుకున్నట్టే టోపీ కరిగించేసింది. పటం అంతగా వెలిగింది అందుకే. ఆ వెలుగు చూసి తను సంతోషించింది.

"తిరిగి తెప్పించగలరా?" అని అడిగింది వసుధ.

"లేదమ్మా," అంది ఇందుమతి. "తప్పు ఆయనది కాదు. కాగితం మీద ఒక ప్రశ్న వేసి ఊరుకున్నాను. ఇంట్లోవాళ్లని అడిగి ఉండాల్సింది. ముందు ముగ్గురికీ ఇలాగే సినిమాతో పాటు సొంత జ్ఞాపకం కొంత పోయింది. నేను స్వల్పమని రాశాను."

సంస్థ డైరెక్టరు ప్రయోగం ఆపడానికి మొదట ఒప్పుకోలేదు. "ఒక మనిషికి ఒక సాయంత్రం పోయింది. అవతల పన్నెండు మందికి మూడేళ్లుగా బతుకే లేదు. ఏది పెద్దది?" అన్నాడు. ఇందుమతి వెళ్లి, తగలబడ్డ బోటు నడిపిన సరంగు భార్యని కలిసి అడిగింది, ఆ మంటల రోజున మరిచిపోకూడనిది ఏమైనా ఉందా అని. ఆమె వెంటనే చెప్పింది. "మా మరిది ఆ రోజే పోయాడమ్మా. నీళ్లలోకి దూకే ముందు మా ఆయన్ని పేరుపెట్టి పిలిచాడంట. ఆ పిలుపు పోగొట్టకండి. మిగతాది ఏమైనా చేసుకోండి." ఆ పిలుపుని మంటల్లోంచి విడదియ్యడం ఎలాగో ఇందుమతికి తెలియదు. అది తెలిసేదాకా టోపీ ఎవరి తల మీదా పెట్టనని రాసి సంతకం చేసి ఇచ్చింది. రెండేళ్ల పని అల్మరాలోకి వెళ్లింది. పన్నెండు మందికీ ఆ మాట ఆమే వెళ్లి చెప్పి, వాళ్ల కళ్లల్లోకి చూడలేక వచ్చేసింది.

రెండో భాగం శుక్రవారం విడుదల. దానికి ముందు ఆదివారం నాడు బీచ్ మెట్ల మీద అందరూ చేరారు. వసుధ తండ్రి పక్కన కూచుంది. ఇందుమతి రావచ్చో రాకూడదో అనుకుంటూనే వచ్చి, చివరి మెట్టు మీద కూచుంది. ఆ రోజు ఎవరూ వాదించుకోవడం లేదు. సంగతి అందరికీ తెలిసిపోయింది.

నస్రీన్ లేచి వచ్చి ముక్తేశ్వరరావు ఎదురుగా కింది మెట్టు మీద కూచుంది.

"అంకుల్, మీకొకటి చెప్పాలి. నాలుగేళ్ల కింద ఒక ఆదివారం పెద్ద వాన. ఎవరూ రాలేదు, మనిద్దరమే వచ్చాం. ఆ టీ బడ్డీ కింద నిలబడ్డాం. చచ్చినవాళ్లు తిరిగొస్తే తప్పేంటని నేను మిమ్మల్ని సతాయిస్తే, మీరు ఆంటీ గురించి చెప్పారు. దాన్ని వాదనలో ఎప్పుడూ వాడనని మాట తీసుకున్నారు. వాడలేదు."

"నాకు గుర్తులేదమ్మా," అన్నాడాయన. "చెప్పు."

నస్రీన్ చెప్పింది. ఏ థియేటరో, ఏ వరసో చెప్పింది. ఆంటీ ఆవపువ్వు రంగు చీర కట్టుకున్నారని చెప్పింది. ఇంటర్వెల్లో దీపాలు వెలగగానే ఆంటీ సమోసా నూనెని కాగితానికి అద్దుతూ, 'కాన్సరంటండి, పొద్దున్న చెప్పారు' అన్నారట, మార్కెట్లో ధర చెప్పినట్టు. అంకుల్ లేవబోతే చెయ్యి పట్టుకుని కూచోబెట్టారట.

ముక్తేశ్వరరావు ముందుకు వంగి వింటున్నాడు. ఇందుమతి ఆ మొహాన్ని గుర్తుపట్టింది. చీకటి హాల్లో, తొమ్మిదో చంద్రుడు లేచినప్పుడు చూసిన మొహమే అది. ఆయన బతుకులో అతి పెద్ద సాయంత్రం ఆయనకి ఇప్పుడే, మొదటిసారి జరుగుతోంది. తరువాత ఏం వస్తుందో ఆయనకి తెలియదు.

"అప్పుడు?" అన్నాడు.

"అప్పుడు ఆంటీ అన్నారట, 'దీనికి రెండో భాగం ఉంటుందని పేపర్లో రాశారు. అది వచ్చేసరికి నేనుండను. అందులో ఏమవుతుందో మీరు ఇప్పుడే చెప్పెయ్యండి. చెప్పేదాకా ఇంటికి రాను' అని."

వసుధ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంటికి వచ్చినప్పుడు అమ్మ నవ్వుతూ రావడం ఆమెకి గుర్తుంది. మీ నాన్న నాకో కథ చెప్పారే అనడం గుర్తుంది. ఏం కథ అని తను అడగకపోవడం కూడా గుర్తుంది.

"నేను చెప్పానా?" అని అడిగాడు ముక్తేశ్వరరావు.

"చెప్పారట. రెండో సగం జరిగినంతసేపూ ఆంటీ చెవిలో చెబుతూనే ఉన్నారట. తెర మీద ఏం జరిగిందో ఇద్దరూ చూడలేదట."

"ఏటి చెప్పాను?"

నస్రీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది మీరు నాకు చెప్పలేదు అంకుల్. చాలాసార్లు అడిగాను. అది మా ఇద్దరిదీ అన్నారు."

ముక్తేశ్వరరావు కూతురి వైపు చూశాడు. వసుధ అడ్డంగా తల ఊపింది. ఆయన ఇందుమతి వైపు చూశాడు. ఆమె కూడా అదే చేసింది. ఆ కథ విన్న మనిషి ఐదేళ్ల కింద వెళ్లిపోయింది. చెప్పిన మనిషి దగ్గర అది లేదు. లోకంలో ఇంకెక్కడా లేదు.

ముక్తేశ్వరరావు ఏడుస్తాడని ఇందుమతి అనుకుంది. ఆయన ఏడవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని సముద్రం కేసి చూస్తూ కూచున్నాడు. ఎండ కొద్దికొద్దిగా ఎక్కుతోంది. దూరాన ఒక ఓడ పోర్టు పిలుపు కోసం ఎదురుచూస్తూ లంగరు వేసి ఉంది.

"శుక్రవారం ఆళ్ల కథ వస్తాది," అన్నాడు ఆఖరికి. "ఆళ్లది చూశాక నాదేదో నాకు తెలీకుండా పోతాది. ఈలోపే చెప్పాల. అప్పుడు సత్యకి చెప్పింది ఇదో కాదో నాకు తెలీదు. అడిగినావిడకి జవాబు మాత్రం ఉండాల కదా. వింటారా?"

"వింటాం," అన్నారు అందరూ.

"అయితే వినండి. తొమ్మిదో చంద్రుడు లేని ఆకాశం అండి అది. ఆ గ్రహం మీద పిల్లలు రోజూ సాయంత్రం చంద్రుల్ని లెక్కపెడతారు. ఎనిమిదే వస్తారు. మళ్లీ లెక్కపెడతారు. మళ్లీ ఎనిమిదే. పెద్దోళ్లు లెక్కపెట్టడం మానేశారు. కానీ సముద్రం ఉంది చూడండి, దానికెవరూ చెప్పలేదు. తొమ్మిదో వాడు తలమీదికి రావాల్సిన వేళకి రోజూ పోటెత్తుతాది. పైన ఏటీ లేదు. ఏటీ లేకుండానే నీళ్లు లేస్తాయి, తీరం దాటి ఇళ్ల ముంగిట దాకా వస్తాయి, ఒక గడియ నిలబడి ఎనక్కి పోతాయి."

గోవర్ధన్ తలెత్తి సముద్రం మీది ఆకాశం వైపు చూశాడు.

"పండితులు లెక్కలేశారు. లెక్కకి అందలేదు. అప్పుడు సరుకు ఓడలు నడిపే ఒక ముసలాడు లేచి, నీళ్లని లాగుతున్నదేదో నేను చూసొస్తానని బయల్దేరాడు. ఆడికి పోగొట్టుకోడానికి ఏటీ మిగల్లేదు. ఒక్కడే బయల్దేరాడు. ఎనిమిది మంది చంద్రుల్నీ దాటాడు. దాటాక ఉత్త చీకటి. ఓడలో దీపాలన్నీ ఆర్పేశాడు. ఆర్పితేనే గదా కనబడతాది. అలా చీకట్లో ఎన్నాళ్లో..."

"మరి వైతరణి అంకుల్?" అంది నస్రీన్ ఉండబట్టలేక. "తిరిగొస్తుందా?"

ఆయన అటు తిరగలేదు. ఆమె మాట విన్నట్టే ఉన్నాడు గానీ, అది ఎటునుంచి వచ్చిందో చూసుకున్నట్టు లేదు. చూపు నీళ్ల మీదే ఉంది. గొంతు మాత్రం దిగిపోయింది. రేవు అవతలికి వినిపించే ఆ గొంతు పక్కనున్న ఒక్క మనిషికి సరిపోయేంత అయింది. మెట్ల మీది వాళ్లంతా వినడానికి దగ్గరికి జరిగారు.

"ఆగు, చెప్తున్నా కదా," అన్నాడు. "నీకన్నీ తొందరే. ముందు ఆ ముసలాణ్ణి అక్కడిదాకా పోనీ."

వసుధ తన పక్కకి జరిగి వచ్చిన ఇందుమతి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్న అమ్మతో మాట్లాడే ఆ గొంతు ఆమె ఇంట్లో విని ఐదేళ్లయింది.

"సరే, విను," అని ముక్తేశ్వరరావు కథ అందుకున్నాడు.